ఆడమ్స్‌టౌన్, లూకన్, ఆంగర్: కారు లేకుండా అంగళ్లు, డాక్టరు, బడి అందుతాయా?

హైటెక్‌సిటీ_టు_డబ్లిన్:
అందరికీ నమస్కారం. ప్రస్తుతం డబ్లిన్ సిటీలో ముగ్గురు ఫ్రెండ్స్‌తో షేరింగులో ఉంటున్నాను. వచ్చే నెల మా ఆవిడ, మూడున్నరేళ్ల పాప వస్తున్నారు. ఆఫీసు గ్రాండ్ కెనాల్ డాక్ దగ్గర. మూడు ఇళ్లు చూశాను. ఆడమ్స్‌టౌన్ స్టేషన్ పక్కనే డబుల్ బెడ్‌రూమ్ అపార్టుమెంటు ఒకటి, లూకన్ విలేజ్ వైపు పాత హౌసింగ్ ఎస్టేటులో (కాలనీలో) ఇల్లు ఒకటి, ఆంగర్‌లో ఇంకొకటి. అద్దెలో పెద్ద తేడా లేదు. కారు లేదు, ఇక్కడి లైసెన్సూ లేదు. నేను పొద్దున వెళ్తే సాయంత్రం దాకా తనూ పాపా ఇద్దరే. నడిచి వెళ్లే దూరంలో ఏమున్నాయో, ఏం లేవో అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి ప్లీజ్. ఏజెంటుని అడిగితే అన్నీ దగ్గరే అంటాడు. మన రియల్ ఎస్టేట్ బ్రోచర్లో ఎయిర్‌పోర్టు ఇరవై నిమిషాలే అని వేస్తారే, అలా ఉంది.

ఓరుగల్లు_పిల్లోడు:
అన్నా, డబ్లిన్‌లో మూడు ఇండ్లు చేతిల పెట్టుకొని ఏది తీసుకోవాలె అని అడుగుతున్నవంటే ముందు నీ కాళ్లకు దండం. మేం ఇల్లు చూసేందుకు, అదే వ్యూయింగ్‌కు, పిలుపొస్తేనే పార్టీ చేసుకుంటున్నం.

పాతకాపు_ఆడమ్స్‌టౌన్:
నేను ఆడమ్స్‌టౌన్‌లో 2007 నుంచి ఉన్నాను కాబట్టి కాస్త చరిత్ర కూడా చెప్తా, ఓపిగ్గా చదవండి.

ఈ ఊరు దానంతటది పెరిగిన ఊరు కాదు. 2001లో ప్రభుత్వం దీన్ని ప్రత్యేక అభివృద్ధి మండలం అని ప్రకటించింది, 2003లో ప్లాన్ ఖరారైంది. పూర్తయితే దాదాపు 10,000 ఇళ్లు. అందులో ఒక మంచి షరతు పెట్టారు. ఇన్ని ఇళ్లు కట్టాక ఇంత రోడ్డు, ఇంత పార్కు, బడి, స్టేషన్ తయారవ్వాలి, అవి లేకపోతే తర్వాతి దశ ఇళ్లకు అనుమతి లేదు. అందుకే జనం పూర్తిగా రాకముందే 2007 ఏప్రిల్లో రైల్వే స్టేషన్ తెరిచారు. అదే ఏడాది మేమూ దిగాం. దిగిన మరుసటి ఏడాది మాంద్యం వచ్చి కట్టడాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. స్టేషన్ ఎదురుగా బజారు రావాల్సిన చోట ఏళ్ల తరబడి కంచె, దాని వెనక గడ్డి. పాల ప్యాకెట్టుకి చిన్న కొట్టు ఉండేది, అంతకు మించి ఏం కావాలన్నా లూకన్‌కో లిఫీ వ్యాలీ మాల్‌కో పోవాలి. బ్రోచర్లో సినిమా హాలు బొమ్మ కూడా ఉండేది!

ఇప్పుడు ఆ కంచె ఉన్న చోటే క్రాసింగ్స్ అని బజారు వచ్చింది. సూపర్‌మార్కెట్లలో టెస్కో ఉంది, ఆల్డి ఉంది. రెండూ స్టేషన్ నుంచి నడకే. టాండీస్ లేన్ పార్కు, ఎయిర్లీ పార్కు కూడా వచ్చాయి, రెండూ బావుంటాయి. కాబట్టి ఆడమ్స్‌టౌన్లో ఏమీ లేదని పాత పోస్టుల్లో చదివితే అవి మా కాలం నాటివి అనుకోండి.

రైలుబండి:
ఆఫీసు గ్రాండ్ కెనాల్ డాక్ అయితే నా ఓటు కళ్లు మూసుకుని ఆడమ్స్‌టౌన్‌కే. ఒక్కటి గమనించుకోండి. అన్ని రైళ్లూ అక్కడిదాకా వెళ్లవు. కొన్ని సిటీలోని హ్యూస్టన్ స్టేషన్‌లో ఆగిపోతాయి, అక్కడ దిగి లువాస్ ట్రామ్ పట్టాలి. కొన్ని ఫీనిక్స్ పార్క్ కింద సొరంగం గుండా కానలీ స్టేషన్ మీదుగా సరాసరి గ్రాండ్ కెనాల్ డాక్ చేరతాయి. ఆ సొరంగం ఎప్పట్నుంచో ఉన్నదే, 2016 నవంబరులో మామూలు ప్రయాణికుల రైళ్లకు తెరిచారు. మీ టైమింగులో సొరంగం రైలు ఉందో లేదో చూసుకుని మరీ ఇల్లు ఖాయం చేసుకోండి. రైలు తప్పితే సీ1, సీ2 బస్సులు ఆడమ్స్‌టౌన్ నుంచే బయల్దేరతాయి కాబట్టి సీటు దొరుకుతుంది. లీప్ కార్డు కొడితే 2 యూరోలు, 90 నిమిషాల్లోపు బస్సు మారినా రైలు మారినా మళ్లీ కట్టక్కర్లేదు.

డీ15_బాబాయ్:
అందరూ ఆడమ్స్‌టౌన్ భజన చేస్తున్నారు, మా ఆంగర్ తరఫున ఒకడైనా మాట్లాడాలి కదా. ఊరి మధ్యలోనే డన్స్ సూపర్‌మార్కెట్ ఉంది. పక్కనే హాన్స్‌ఫీల్డ్ స్టేషన్, 2013 నుంచి నడుస్తోంది. బస్సెక్కితే బ్లాంచర్డ్స్‌టౌన్ సెంటర్. అది 1996లో కట్టిన మాల్ అని తీసిపారేయొద్దు. బట్టలు, చెప్పులు, పిల్లల బొమ్మలు, లైబ్రరీ, నాటకాల హాలు, సినిమా, అన్నీ ఒక్కచోటే. కనలీ ఆసుపత్రి కూడా మా వైపే. మన సరుకుల కొట్లు మీకంటే మాకు ముందే వచ్చాయి. శుక్రవారం సాయంత్రం ఆ కొట్లో నించుంటే గుంటూరు, తెనాలి, కరీంనగర్, అన్ని యాసలూ వినిపిస్తాయి.

పాతకాపు_ఆడమ్స్‌టౌన్:
బాబాయ్, మీ రైలు ఎం3 పార్క్‌వే లైను. అబ్బాయి ఆఫీసుకి మధ్యలో మారాల్సి రావచ్చు, అది కూడా చెప్పండి మరి.

డీ15_బాబాయ్:
మారితే ఏం, కాళ్లు అరిగిపోతాయా. సరే, చెప్పాను.

గోంగూర_పచ్చడి:
తమ్ముడూ, మీరంతా రైలు గురించే మాట్లాడుతున్నారు. రైలెక్కేది ఆ అబ్బాయి. పగలంతా ఇంటి దగ్గర ఉండేది ఆ అమ్మాయి. స్ట్రోలర్ తోసుకుంటూ, వానలో, గాలికి తిరగబడే గొడుగు పట్టుకుని ఎంత దూరం నడవగలదో ఆలోచించండి. నేను లూకన్ పాత ఎస్టేటులో ఉంటాను, నా సంగతి చెప్తా.

పాత ఎస్టేట్లలో ఇల్లు విశాలంగా ఉంటుంది, వెనక గార్డెన్ ఉంటుంది. కానీ ఎస్టేటు లోపల కొట్టు ఉండదు. లోపలికి ఒక దారి, బయటికి అదే దారి. మ్యాపులో గోడ అవతలే కనిపించే సూపర్‌మార్కెట్టుకి చుట్టూ తిరిగి పోవాలి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఫోన్లో దూరం చూడకండి, గుమ్మం దగ్గర్నుంచి కొట్టు దాకా ఒకసారి నడిచి చూడండి.

లూకన్‌లో మంచిది ఏంటంటే అన్నీ నిలదొక్కుకున్నవి. న్యూకాజిల్ రోడ్డు మీద షాపింగ్ సెంటర్లో సూపర్‌వాల్యూ ఉంది. మా పక్కింటి పెద్దావిడ ఇప్పటికీ దాన్ని సూపర్‌క్విన్ అనే అంటుంది, 2014లో పేరు మారినా. లైబ్రరీ కూడా అక్కడే. సభ్యత్వం ఉచితం. 2019 నుంచి ఆలస్యమైనా జరిమానా లేదు. మీకు కావాల్సిన పుస్తకం వేరే కౌంటీలో ఉన్నా ఇక్కడికి తెప్పిస్తారు. చిన్న పిల్లలున్న తల్లికి వాన రోజున లైబ్రరీని మించిన చోటు లేదమ్మా. వెచ్చగా ఉంటుంది, ఏమీ కొనక్కర్లేదు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఎండ కాస్తే గ్రిఫీన్ వ్యాలీ పార్కు. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి అక్కడ పార్క్‌రన్ జరుగుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, పరిగెత్తకపోయినా నడవొచ్చు.

నర్సమ్మ_టాలా:
అంగళ్ల కంటే ముందు డాక్టరు సంగతి చూసుకోండి. ఇది అనుభవం మీద చెప్తున్నాను. ఇల్లు దిగాక జ్వరం వచ్చిన రోజు జీపీ (ఫ్యామిలీ డాక్టరు) కోసం వెతికితే, మూడు నాలుగు చోట్ల కొత్త పేషెంట్లను తీసుకోవట్లేదు అనే సమాధానమే వస్తుంది. కాబట్టి ఇల్లు ఖాయం కాకముందే ఆ చుట్టుపక్కల క్లినిక్కులకి ఫోన్ చేయండి.

పాపకి ఎనిమిదేళ్ల లోపు కాబట్టి జీపీ విజిట్ కార్డు వస్తుంది, మీ జీతంతో సంబంధం లేదు. 2023 ఆగస్టు నుంచి ఎనిమిదేళ్ల లోపు వాళ్లందరికీ ఇస్తున్నారు. కార్డు ఉంటే జీపీ దగ్గర ఫీజు ఉండదు. ముగ్గురు డాక్టర్లు కాదన్నట్టు కాగితం చూపిస్తే హెచ్ఎస్ఈ (ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్లే ఒకరిని కేటాయిస్తారు. కాదన్నవాళ్లని రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, మొహమాటపడొద్దు.

రాత్రిళ్లు ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోవాల్సి వస్తే, జీపీ ఉత్తరం లేకుండా వెళ్తే 100 యూరోలు. ఉత్తరం ఉంటే లేదు. మందులకు కుటుంబం మొత్తానికి నెలకి 80 యూరోలు దాటి కట్టక్కర్లేదు, దానికి డ్రగ్స్ పేమెంట్ స్కీములో ముందే నమోదు చేసుకోవాలి. చిన్న చిన్నవాటికి ఫార్మసీలో కన్సల్టేషన్ రూములో కూర్చోబెట్టి మాట్లాడతారు, ముందు అక్కడికే వెళ్లండి. యాంటీబయోటిక్ మాత్రం మామూలుగా చీటీ లేకుండా ఇవ్వరు. మన మెడికల్ షాపు అలవాటు మర్చిపోవాలి.

ఓరుగల్లు_పిల్లోడు:
ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలె, ఇక్కడ ఏం దొరుకుతయి అన్నది కూడా చెప్పున్రి. మా రూమ్మేటు వాళ్ల అమ్మ పాలకోవా, కరివేపాకు పంపింది, డబ్లిన్ ఎయిర్‌పోర్టుల తీసి పక్కన పెట్టిన్రు. వాడు రెండు రోజులు అన్నం తినలే.

గోంగూర_పచ్చడి:
అయ్యో పాపం. యూరప్ బయటి నుంచి పాలతో చేసినవి, మాంసం లగేజీలో తేకూడదు. పాలకోవా, నెయ్యి, చికెన్ పచ్చడి మూడూ అందులోకే వస్తాయి. 2019 డిసెంబరు నుంచి పచ్చి ఆకులు, కూరగాయలు, పళ్లు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరవు. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్ పళ్లకు మాత్రం మినహాయింపు. ఆవకాయ, కారప్పొడులు, పప్పులు, అప్పడాలు తెచ్చుకోండి, ఆవకాయకి మాత్రం రెండు కవర్లు తొడగండి.

ఇక్కడ దొరికేవి చెప్తాను. కందిపప్పు, మినపగుళ్లు, చింతపండు, ఇడ్లీ రవ్వ అన్నీ మన కొట్లలో ఉంటాయి. ములక్కాడ, దొండకాయ, బెండకాయ విమానంలో వస్తాయి కాబట్టి వారంలో ఏ రోజు సరుకు దిగుతుందో కౌంటర్లో అడిగి ఆ సాయంత్రమే వెళ్లండి. రెండో రోజుకి దొండకాయలు లోపల ఎర్రబడతాయి. గోంగూర ఫ్రీజర్లో ఉంటుంది, పచ్చడికి పనికొస్తుంది, పప్పులోకి అంత రుచి రాదు. ఉల్లిపాయలు, టమాటాలు, కొత్తిమీర, పెరుగు మాత్రం టెస్కోలోనో లిడిల్లోనో కొనండి, మన కొట్టు కంటే చవక. బియ్యం ఇద్దరు ముగ్గురు కలిసి మూటలుగా తెచ్చుకుంటే డెలివరీ కలిసొస్తుంది. 2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు సోనా మసూరి కోసం వాట్సాప్ గ్రూపుల్లో యుద్ధాలు జరిగాయి. 2024 సెప్టెంబరులో మళ్లీ వదిలాక గానీ ఊపిరి ఆడలేదు.

డీ15_బాబాయ్:
ఆ రోజుల్లో మా వీధిలో ఒకాయన గరాజులో ఎన్ని మూటలు పెట్టాడో చెప్తే నమ్మరు.

హైటెక్‌సిటీ_టు_డబ్లిన్:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థ్యాంక్స్. మటన్ సంగతేంటి? ప్లేస్కూలు? ఇంకోటి, రాత్రి ఆలస్యంగా రైలు దిగి నడిచి రావడం సేఫేనా? 2025 జులైలో టాలాలో ఒక భారతీయుడిపై జరిగిన దాడి వార్త చూసినప్పటి నుంచి మా అత్తగారు రోజూ ఫోన్.

పాతకాపు_ఆడమ్స్‌టౌన్:
భయపడొద్దని మీ అత్తగారికి నేను హామీ ఇవ్వలేను, ఇవ్వకూడదు కూడా. ఆ వార్త తర్వాత మేమూ కొన్నాళ్లు పిల్లల్ని చీకటి పడ్డాక ఒంటరిగా పంపలేదు. స్టేషన్ చుట్టూ ఇప్పుడు ఇళ్లు, కొట్లు, దీపాలు ఉన్నాయి, సాయంత్రం పూట జనం ఉంటారు. అది పదేళ్ల కిందటి కంటే చాలా నయం. మూకగా టీనేజర్లు నిలబడి ఉంటే మాటకి మాట చెప్పకుండా వచ్చేయండి. ఏదైనా జరిగితే 999 కానీ 112 కానీ. చిన్న విషయమే కదా అని వదిలేయకుండా గార్డాకి (ఇక్కడి పోలీసులకి) ఫిర్యాదు ఇవ్వండి.

రైలుబండి:
మటన్ విషయం నేను చెప్తా. సూపర్‌మార్కెట్లో ఉండేది లేత గొర్రె, ఎముక తక్కువ, మన కూరకి కుదరదు. హలాల్ కొట్టుకి వెళ్లి భుజం ముక్క చూపించి చిన్న ముక్కలుగా కొట్టమంటే కొడతారు. మేక మాంసం అన్నిచోట్లా ఉండదు, ముందు ఫోన్ చేసి అడగండి. తలకాయ, కాళ్లు కావాలంటే చెప్పి పెట్టుకోవాలి.

నర్సమ్మ_టాలా:
ప్లేస్కూలు: ఈసీసీఈ అని ప్రభుత్వ పథకం. రోజుకి మూడు గంటలు, ఏడాదికి 38 వారాలు, ఫీజు లేదు. మీ పాప వయసుకి సరిపోతుంది. సీట్లు మాత్రం సెప్టెంబరుకి చాలా ముందే నిండిపోతాయి, కాబట్టి రెండు మూడు చోట్ల వెయిటింగ్ లిస్టులో పేరు ఇవ్వండి. తర్వాత బడి. ఆడమ్స్‌టౌన్లో ఏ మతానికీ చెందని ఎడ్యుకేట్ టుగెదర్ బడీ ఉంది, క్యాథలిక్ బడీ ఉంది. 2018 చట్టం తర్వాత సీట్లు చాలని క్యాథలిక్ ప్రైమరీ బడి కూడా పిల్లల మతం చూసి ఇతరుల్ని వెనక్కి నెట్టకూడదు. బాప్టిజం సర్టిఫికెట్ లేదని టెన్షన్ పడకండి, అడ్రసు ముఖ్యం. కొత్త అపార్టుమెంట్లు నిండే కొద్దీ ఆ చుట్టూ బడి సీట్లకి పోటీ పెరుగుతోంది, అది మాత్రం నిజం.

ఓరుగల్లు_పిల్లోడు:
ముఖ్యమైనయి నేను చెప్త. ఒకటి, రాత్రి 10 దాటితే ఏ సూపర్‌మార్కెట్ల బీరు అమ్మరు. ఆదివారం మధ్యాహ్నం 12.30 దాకా ఆగాలె. రెండు, డిసెంబరు 25న బస్సు లేదు, రైలు లేదు, కొట్టు లేదు. ముందురోజే పాలు, గుడ్లు తెచ్చి పెట్టుకో. మూడు, కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలు, క్యాన్లు పారేయకు. 2024 ఫిబ్రవరి నుంచి వాటి మీద డిపాజిట్ కడుతున్నం. 500 మిల్లీలీటర్ల దాకా 15 సెంట్లు, అంతకన్నా పెద్దదానికి 25. సూపర్‌మార్కెట్ ముంగట మిషన్ల వేస్తే చీటీ వస్తది. నలిపితే మిషన్ తీసుకోదు, బార్‌కోడ్ చినిగినా తీసుకోదు. పాల సీసాలకు లేదు. శనివారం సాయంత్రం పోతే నీ ముందు ఒకాయన రెండు నల్ల కవర్ల నిండ తెచ్చి ఒక్కొక్కటే వేస్తుంటడు, మిషన్ నిండిందని ఆగిపోతది, పిల్లగాడెవరో వచ్చి తలుపు తీసి సంచి మారుస్తడు. వారం మధ్యల పో.

మోడరేటర్:
బీరు టిప్పుకి ధన్యవాదాలు. చెత్త సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పండి, కొత్తవాళ్లు ప్రతిసారీ అడుగుతారు.

పాతకాపు_ఆడమ్స్‌టౌన్:
డబ్లిన్‌లో ఇళ్ల దగ్గర చెత్త మున్సిపాలిటీ తీయదు. ప్రైవేటు కంపెనీకి మనమే కట్టుకోవాలి. నలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు డబ్బాలు. గోధుమ రంగుది వంటింటి చెత్తకి. అపార్టుమెంటు అయితే మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది, మీకు ఆ గొడవ ఉండదు. పాత ఫర్నిచర్ లాంటివి మా వైపు వాళ్లు బాలీమౌంట్ సెంటర్‌కి, బాబాయ్ వాళ్లు కూల్‌మైన్‌కి తీసుకుపోతారు. దానికి కారు కావాలి మరి. మన ఇండియా లైసెన్సు ఇక్కడ మార్చి ఇవ్వరు. థియరీ పరీక్ష, డ్రైవింగ్ క్లాసులు, ఆ తర్వాత టెస్టు. మీ ఇద్దరూ వచ్చిన వారమే థియరీకి అప్లై చేయండి. ఇన్సూరెన్స్ కోట్ చూసి మాత్రం కూర్చుని నీళ్లు తాగండి.

హైటెక్‌సిటీ_వాళ్లావిడ:
నమస్తే అందరికీ. లింకు ఆయనే పంపారు, మొత్తం చదివాను. గోంగూర అక్కా, నా గురించి ఆలోచించిన ఒక్కరూ మీరే, థ్యాంక్యూ. ఆయన అడగని ప్రశ్నలు నావి కొన్ని. బ్లౌజులు కుట్టేవాళ్లు ఉన్నారా? ఐబ్రోస్ ఎక్కడ? ఇడ్లీ పిండి చలికి పులుస్తుందా? గుడి దగ్గర్లో ఉందా? నాకు వర్క్ పర్మిట్ ఇబ్బంది లేదన్నారు, పాప ప్లేస్కూలుకి వెళ్లే ఆ మూడు గంటల్లో ఏం చేయగలనో కూడా చెప్పండి.

గోంగూర_పచ్చడి:
రామ్మా రా! బ్లౌజులు అక్కడే కుట్టించుకుని రా, లైనింగుతో సహా. ఇక్కడ ఇళ్ల దగ్గర కుట్టేవాళ్లు ఉన్నారు కానీ పండగ ముందు దొరకరు. కుట్టు విప్పుకోవడానికి పక్కల్లో గుడ్డ ఎక్కువ వదలమని చెప్పు. చలికాలానికి బటర్ అవీ తిని ఎలాగూ అవసరపడుతుంది. ఐబ్రోస్ లిఫీ వ్యాలీలో చేస్తారు, ఆడమ్స్‌టౌన్ నుంచి ఎల్51, ఎల్53 బస్సులు వెళ్తాయి. బ్లాంచర్డ్స్‌టౌన్ వెళ్లాలంటే ఎల్52. అంటే ఆడమ్స్‌టౌన్లో ఉన్నా బాబాయ్ వాళ్ల మాల్ నీకూ దక్కుతుంది.

పిండి హాట్‌ప్రెస్‌లో పెట్టు. వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మారా అన్నమాట, ఇక్కడివాళ్లు తువ్వాళ్లు ఆరబెట్టుకుంటారు. రాత్రి గిన్నె కింద పళ్లెం పెట్టి ఉంచితే పొద్దునకి పొంగి ఉంటుంది. పళ్లెం మర్చిపోయావో, తువ్వాళ్లన్నీ మళ్లీ ఉతకాలి. ఇల్లు చూసేటప్పుడు మీ ఆయన్ని హాట్‌ప్రెస్ తలుపు తీసి చూడమను, ఎంత పెద్ద గిన్నె పడుతుందో.

డీ15_బాబాయ్:
గుడి వాకిన్‌స్టౌన్‌లో ఉందమ్మా, 2020లో తెరిచారు. లూకన్ నుంచి బస్సు మారి వెళ్లాలి. పండగలకి ఇక్కడ కమ్యూనిటీ హాళ్లు అద్దెకి తీసుకుని చేస్తాం, వినాయక చవితికి పిలుస్తాం, ఏ ఇల్లు తీసుకున్నా రండి.

నర్సమ్మ_టాలా:
పని విషయం: చాలామంది ఇంట్లో ఇడ్లీ పిండి, కర్రీలు చేసి అమ్మడం మొదలుపెడతారు. మంచిదే, కానీ ఇంట్లో చేసినా అది ఫుడ్ బిజినెస్సే. మొదలుపెట్టక ముందే హెచ్ఎస్ఈ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ దగ్గర నమోదు చేసుకోవాలి. అద్దె ఇల్లయితే ఓనరుని కూడా అడగాలి.

హైటెక్‌సిటీ_టు_డబ్లిన్:
అప్‌డేట్. నిన్న గోంగూర అక్క చెప్పినట్టు మూడు చోట్లా గుమ్మం నుంచి నడిచి చూశాను. లూకన్ ఇల్లు బావుంది కానీ ఎస్టేటు లోపల్నుంచి బయటపడేసరికే సగం ఓపిక అయిపోయింది, పైగా ఫుట్‌పాత్ మీద కార్లు ఎక్కించి పెట్టారు, స్ట్రోలర్ రోడ్డు మీదకి దింపాల్సిందే. ఆంగర్‌లో డన్స్ దగ్గరే, ఆఫీసుకి వెళ్లే దారే కుదరట్లేదు. ఆడమ్స్‌టౌన్‌కే మొగ్గుతున్నాం. అక్కడ ఒక క్లినిక్ ఇప్పుడు తీసుకోము అంది, లూకన్‌లో ఇంకొకటి పాపని మాత్రం తీసుకుంటామంది, మా ఇద్దరికీ వెయిటింగ్ లిస్టు.

నర్సమ్మ_టాలా:
పాపకి దొరికింది కదా, ముందు ఆ ఫారం ఇవాళే నింపి పంపండి. రేపటికి ఉంచొద్దు.

హైటెక్‌సిటీ_వాళ్లావిడ:
హాట్‌ప్రెస్ తలుపు తీసి చూశారా అని అడిగితే ఫోన్ కట్ చేశారు. ఎవరైనా ఆ బిల్డింగులో ఉంటే చెప్పరా ప్లీజ్?

పాతకాపు_ఆడమ్స్‌టౌన్:
ఏ బ్లాకో మెసేజ్ పెట్టమ్మా. అదే బిల్డింగులో మా తోడల్లుడు ఉన్నాడు, వాళ్లింట్లో గిన్నె కొలత తీసి చెప్తాను.